పాత కారులో కరెంటు లోపాలు: కొలిచి, కనిపెట్టి, బాగుచేసుకునే పద్ధతి

మా ఇంట్లో 1997 నాటి మారుతీ 800 ఉంది. కార్బ్యురేటర్ బండి. కాకినాడలో సముద్రపు గాలి నేరుగా తగిలే వీధిలో, పైకప్పు లేని చోట చాలా ఏళ్లు నిలిచిన బండి అది. ఒక వానాకాలంలో అది సెల్ఫ్ తీసుకోవడం మానేసింది. తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోయేది, మళ్లీ పదిసార్లు తిప్పితే ఒకసారి అందుకునేది. మొదట బ్యాటరీ మార్పించాము. రెండు వారాలు సవ్యంగా నడిచి మళ్లీ మొదటికి వచ్చింది. తరువాత ఇంజన్‌ను మొదట తిప్పే సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు వేయించాము. అదీ నెల తిరగకుండానే మొండికేసింది. చివరికి ఒక ఉదయం మా తమ్ముడు లోపల కూర్చుని తాళం తిప్పుతుండగా, బోనెట్ ఎత్తి చూస్తున్న నా చెయ్యి క్లచ్ కేబుల్‌కు తగిలింది. అది వేడిగా ఉంది.

రాత్రంతా నిలిచి ఉన్న బండిలో, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగా, క్లచ్ కేబుల్ వేడెక్కిందంటే దాని గుండా కరెంటు పోతున్నదని అర్థం. సెల్ఫ్ మోటారు లాగిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుకోవడానికి ఉన్న లావుపాటి ఎర్త్ తీగ పని చేయనప్పుడు, అది ఇంజన్‌ను, బాడీని కలిపే మరే లోహపు దారి దొరికినా ఆ దారి పడుతుంది. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ అటువంటి దారులే. బ్యాటరీ నెగెటివ్ నుంచి గేర్‌బాక్సుకు పోయే తీగను విప్పి చూస్తే, పైన తొడుగు చెక్కుచెదరలేదు కానీ లగ్ (తీగ కొనకు నొక్కి బిగించే లోహపు ముక్క) దగ్గర లోపలి రాగి పోగులన్నీ చిలుము పట్టి పచ్చటి పొడిగా మారాయి, నాలుగైదు పోగులు మాత్రం అంటుకుని ఉన్నాయి. కొత్త బ్యాటరీకీ, మోటారు మరమ్మతుకూ పెట్టిన డబ్బుతో పోలిస్తే ఆ తీగ ఖరీదు లెక్కలోకే రాదు.

ఆ రోజు నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. పాత కారులో ఏ భాగాన్నీ కొలవకుండా మార్చకూడదు. ఇరవై ముప్పై ఏళ్ల బండిలో భాగాల కన్నా అతుకులే ఎక్కువగా చెడతాయి. లగ్‌లు, కప్లర్లు (తీగలను కలిపే ప్లాస్టిక్ జోడులు), బల్బు హోల్డర్లు, ఫ్యూజు కాళ్లు, బాడీకి బిగించిన ఎర్త్ స్క్రూలు అన్నీ అతుకులే. వాటిలో ఏది చెడిందో కొలత చెబుతుంది, ఊహ చెప్పదు.

దగ్గర ఉండవలసినవి

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు, ఒక టెస్ట్ లైటు, రెండు చివరలా మొసలి క్లిప్పులు పెట్టిన నాలుగైదు అడుగుల తీగలు రెండు, గరుకు కాగితం, చిన్న వైరు బ్రష్, లగ్‌లను నొక్కే ప్లయర్, రకరకాల లగ్‌లు, వేడికి ముడుచుకునే స్లీవ్‌లు చాలు. టెస్ట్ లైటును కొనవచ్చు, లేదా ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బుకు రెండు తీగలు అతికి సొంతంగా చేసుకోవచ్చు. దీనికి మల్టీమీటరుకు లేని ఒక గుణం ఉంది. మీటరు కరెంటును దాదాపు లాగదు కాబట్టి, ఒక్క పోగు మీద వేలాడుతున్న తీగలో కూడా 12 వోల్టులు నిండుగా చూపిస్తుంది. ఈ బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది కనుక, బలహీనమైన తీగ మీద అది గుడ్డిగా వెలిగి లోపాన్ని బయటపెడుతుంది. బండి వైరింగ్ పటం దొరికితే తప్పక దగ్గర ఉంచుకోవాలి. తీగల రంగులు తెలియకుండా డ్యాష్‌బోర్డు కింద వెతకడం వృథా శ్రమ.

పనికి ముందు ఉంగరం, వాచీ, చేతి గొలుసు తీసి పక్కన పెట్టాలి. బ్యాటరీ పాజిటివ్‌కూ బాడీకీ మధ్య ఉంగరం అడ్డుపడితే అది క్షణంలో ఎర్రగా కాలి వేలిని తినేస్తుంది. బ్యాటరీ తీగలు విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్ అన్న వరుస మారకూడదు. పాజిటివ్ నట్టు తిప్పుతున్న స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా, నెగెటివ్ ముందే విప్పి ఉంటే నిప్పురవ్వ రాదు. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దాని దగ్గర అగ్గిపుల్ల, సిగరెట్ వంటివి ఉండకూడదు.

మొదట బ్యాటరీ, దాని టెర్మినళ్లు

ఏ లోపమైనా బ్యాటరీ దగ్గరే వెతకడం మొదలుపెట్టాలి, ఎందుకంటే మిగిలిన కొలతలన్నీ దాని మీదే ఆధారపడతాయి. బండి కొన్ని గంటలు నిలిచి ఉన్న తరువాత, అన్ని లైట్లూ ఆర్పి, మీటరు ముళ్లను సీసపు స్తంభాల మీదే ఆనించి చూడాలి. 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే ముప్పాతిక వంతు, 12.2 ఉంటే సగం ఉన్నట్టు. 12 కన్నా తగ్గితే ముందు ఛార్జ్ చేయించి, ఆ తరువాతే మిగతా పరీక్షలు చేయాలి. ఇప్పుడు ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీటరు చూడాలి. అప్పుడు సుమారు 10 వోల్టుల పైన నిలబడితే బ్యాటరీ మంచిదే. నిండుగా ఛార్జ్ చేసిన తరువాత కూడా సెల్ఫ్ కొట్టగానే 9 కిందికి కుంగిపోతే బ్యాటరీ లోపలి బలం పోయిందని అనుమానించవచ్చు.

టెర్మినళ్ల మీద తెల్లగా, నీలిపచ్చగా పేరుకున్న పూతను వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడిగితే నురగ కక్కుతూ కరిగిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల లోపలికి పోకుండా చూసుకోవాలి. ఆరిన తరువాత స్తంభాన్నీ, క్లాంపు లోపలి వైపునూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. జెల్లీ ముందు రాసి బిగించడం కన్నా, ముందు బిగించి తరువాత రాయడం మంచిది.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే ఛార్జింగ్ సరిగా ఉన్నట్టు. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి, ఇంజన్‌ను కొంచెం రేజ్ చేసినప్పుడు కూడా 13.5కు తగ్గకూడదు. 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడినట్టు. అటువంటి బండిలో బ్యాటరీ నీళ్లు త్వరగా ఎండిపోతాయి, బల్బులు వరుసగా మాడిపోతాయి. ఛార్జింగ్ అసలే లేకపోతే ముందు ఆల్టర్నేటర్‌ను (ఇంజన్ నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రాన్ని) తిప్పే బెల్టును వేలితో నొక్కి చూడాలి. అది సెంటీమీటరు కన్నా బాగా ఎక్కువ కుంగితే బిగించాలి. తరువాత డ్యాష్‌బోర్డులోని ఎర్ర బ్యాటరీ దీపాన్ని గమనించాలి. తాళం తిప్పి ఆన్‌లో పెట్టి, ఇంజన్ ఆడించకముందు అది వెలగాలి. అనేక పాత బండ్లలో ఆ చిన్న దీపం గుండా వచ్చే కరెంటే ఆల్టర్నేటర్‌ను మేలుకొల్పుతుంది కాబట్టి, దీపం మాడిపోయినంత మాత్రాన ఛార్జింగ్ ఆగిపోవచ్చు. ఆల్టర్నేటర్ మార్చాలన్న మాట విన్నప్పుడు ముందు ఈ దీపాన్ని చూడమని నేను అందరికీ చెబుతాను.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఇంజన్ ఆగకపోతే ఛార్జింగ్ ఉన్నట్టేనని తేల్చే పద్ధతి ఇప్పటికీ కొన్ని చోట్ల కనిపిస్తుంది. అది డైనమో ఉన్న రోజుల అలవాటు. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో అలా పీకితే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి లోపలి డయోడ్లను, ఎంపీఎఫ్ఐ బండి (కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే రకం) అయితే కంప్యూటర్‌ను కూడా కాల్చివేయగలదు. ఎవరైనా అలా చేయబోతే ఆపండి.

అతుకులో పోయే వోల్టేజిని పట్టుకోవడం

అన్ని పరీక్షలలో ఇదే ముఖ్యమైనది కనుక కొంత విస్తరంగా చెబుతాను. తీగ బాగుందో లేదో చూడడానికి చాలామంది మీటరును ఓమ్‌ల మీద పెట్టి, బీప్ చప్పుడు వస్తే బాగున్నట్టేనని తేల్చేస్తారు. ఆ చప్పుడును నమ్మి మోసపోయిన వారు ఎందరో ఉన్నారు. ఒక లెక్క చూడండి. చెడిన లగ్‌లో నిరోధం 0.02 ఓమ్ మాత్రమే అనుకుందాం. మామూలు మీటరు దానిని సున్నాగానే చూపుతుంది. ఆ లగ్ గుండా 5 వాట్ల పార్కింగ్ బల్బు కరెంటు, అంటే సుమారు 0.4 ఆంపియరు, పోతే అక్కడ పోయే వోల్టేజి 0.008. బల్బు నిండుగానే వెలుగుతుంది. అదే లగ్ గుండా సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్లు లాగితే అక్కడే 2 వోల్టులు పోతాయి. మోటారుకు మిగిలిన వోల్టేజి చాలక అది తిరగదు. లైట్లు వెలుగుతూనే ఉండి సెల్ఫ్ మాత్రం పనిచేయకపోవడానికి తరచు ఇదే కారణం. అందుచేత అతుకును పరీక్షించవలసింది దాని గుండా నిజమైన బరువు, అంటే పెద్ద కరెంటు, పోతున్నప్పుడే.

పద్ధతి ఇది. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టాలి. ఇంజన్ అంటుకోకుండా ఉండడానికి స్పార్కుకు కావలసిన వోల్టేజి పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ పాజిటివ్ తీగను విప్పి, దాని కొన బాడీకి తగలకుండా టేపు చుట్టాలి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. ఒక ముల్లును బ్యాటరీ నెగెటివ్ సీసపు స్తంభం మీద, రెండవ ముల్లును ఇంజన్ బ్లాకు మీద రంగు లేని శుభ్రమైన లోహం మీద ఆనించి, లోపలి వారిని సెల్ఫ్ కొట్టమనాలి. మీటరు 0.2 వోల్టులకు లోపు చూపితే ఎర్త్ దారి బాగున్నట్టు. మా బండిలో ఆ రోజు అది 2.3 చూపింది. ఇక ఆ దారిని ముక్కలు ముక్కలుగా కొలుచుకుంటూ పోవాలి. స్తంభం నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి తీగ చివరి లగ్‌కు, లగ్ నుంచి గేర్‌బాక్సు లోహానికి ప్రతిసారీ సెల్ఫ్ కొట్టిస్తూ చూడాలి. ఒక్కోసారి ఐదారు సెకన్లకు మించి కొట్టకూడదు, మధ్యలో మోటారు చల్లారనివ్వాలి. ఎక్కడ అంకె పెద్దదిగా కనిపిస్తుందో లోపం అక్కడే ఉంటుంది.

పాజిటివ్ వైపు కూడా ఇంతే. బ్యాటరీ పాజిటివ్ స్తంభం నుంచి సోలినాయిడ్ (తాళం తిప్పగానే మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) దాటి సెల్ఫ్ మోటారులోకి పోయే పెద్ద బోల్టు వరకు కొలిస్తే 0.5 వోల్టులు మించకూడదు. మించితే లావు తీగ అతుకులను, సోలినాయిడ్ లోపలి తాకిడి పలకలను అనుమానించాలి. పెద్ద బోల్టుకు నిండు వోల్టేజి చేరి, ఎర్త్ దారి కూడా బాగుండి, మోటారు తిరగకపోతే అప్పుడు మాత్రమే మోటారు విప్పించండి. ఇక తాళం తిప్పినప్పుడు టిక్కు కూడా వినబడకపోతే, సోలినాయిడ్‌కు పోయే సన్నటి తీగ మీద టెస్ట్ లైటు పెట్టి చూడాలి. లైటు వెలగకపోతే లోపం తాళపు స్విచ్ వైపు ఉంటుంది. పాత బండ్లలో సోలినాయిడ్ కరెంటంతా తాళపు స్విచ్ గుండానే పోతుంది కనుక, ఏళ్ల వాడకంలో దాని లోపలి పలకలు కాలి నల్లబడతాయి.

హెడ్‌లైట్లు గుడ్డిగా వెలగడం

పాత బండి హెడ్‌లైట్లు వెలుతురు చాలవనగానే 100 వాట్ల బల్బులు వేయించుకోవడం మనవాళ్లలో చాలా సాధారణం. నేను దానిని గట్టిగా వద్దంటాను. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిపి 10. రెండు 100 వాట్ల బల్బులు కలిపి దాదాపు 17 లాగుతాయి. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేని పాత బండిలో ఆ కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కనున్న లైటు స్విచ్ గుండా పోతుంది. స్విచ్ ప్లాస్టిక్ మెత్తబడి కాలిన వాసన రావడం, కప్లర్ గోధుమ రంగుకు తిరగడం, ఆఖరికి రాత్రివేళ హైవే మీద రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోవడం వరుసగా జరుగుతాయి.

నిజానికి చాలా బండ్లలో బల్బు బాగానే ఉంటుంది, దానికి చేరే వోల్టేజి చాలదు. వోల్టేజి పది శాతం తగ్గితే ఆ మామూలు బల్బు వెలుతురు దాదాపు ముప్పై శాతం తగ్గిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు వెనుక కప్లర్‌లో మరొకసారి కొలవండి. రెంటి మధ్య తేడా ఒక వోల్టు ఉన్నా వెలుతురు చాలా పోతున్నట్టే. ఆ తేడాలో ఎంత భాగం ఎర్త్ వైపు పోతున్నదో, ఎంత స్విచ్ వైపు పోతున్నదో విడివిడిగా కొలిచి చూడాలి. ఎర్త్ స్క్రూ విప్పి, లగ్‌నూ, కింది బాడీ రేకునూ మెరిసేదాకా గీకి బిగిస్తే సగం సమస్య తీరిన సందర్భాలు నేను చూశాను.

స్విచ్ వైపు నష్టం ఎక్కువగా ఉంటే రిలేలు వేయడం శాశ్వతమైన పరిష్కారం. హై బీముకు ఒకటి, లో బీముకు ఒకటి కావాలి. రిలే మీద 30, 85, 86, 87 అని నాలుగు అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే కొత్త తీగ, 87 నుంచి బల్బుకు పోయే తీగ, 85కి బాడీ ఎర్త్, 86కి ఇంతకుముందు బల్బుకు పోతుండిన పాత తీగ కలపాలి. ఇప్పుడు స్విచ్ గుండా రిలే చుట్టకు కావలసిన చిన్న కరెంటు మాత్రమే పోతుంది. కొత్త తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, ఫ్యూజు 15 ఆంపియర్లది, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. అయితే కొన్ని జపాన్ తరహా బండ్లలో స్విచ్ పాజిటివ్ వైపు కాక ఎర్త్ వైపు ఉంటుంది కాబట్టి, తీగలు తెంపే ముందు మీ బండి ఏ రకమో మీటరుతో తేల్చుకోవాలి.

వెనుక లైట్ల సంగతి వేరు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ సన్నగా వెలగడం, ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు దానితో పాటు కొట్టుకోవడం వంటి వింతలు కనిపిస్తే, బల్బులను వదిలి ఆ లైటు సెట్టు ఎర్త్‌ను చూడాలి. ఎర్త్ దొరకని కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా వెనక్కి తిరిగి మరో దారి వెతుక్కుంటుంది. మొసలి క్లిప్పు తీగ ఒక కొనను బల్బు హోల్డర్ లోహానికి, మరో కొనను శుభ్రమైన బాడీ లోహానికి తగిలించగానే అంతా సర్దుకుంటే రోగం తెలిసినట్టే. ఇండికేటర్ ఒక వైపు మాత్రం వేగంగా కొట్టుకుంటే ఆ వైపు బల్బు మాడిపోయి ఉంటుంది, లేదా దానికి తగిన వాట్లది కాక తక్కువది వేసి ఉంటారు.

ఫ్యూజు మాటిమాటికీ పోవడం

ఫ్యూజు పోయిందంటే ఎక్కడో తీగ బాడీకి తగులుతున్నదనో, మోయలేనంత కరెంటు పోతున్నదనో అది చెబుతున్న మాట. పెద్ద ఫ్యూజు వేయడం, వెండి కాగితం చుట్టడం, రాగి పోగు కట్టడం ఆ మాటను వినకుండా నోరు నొక్కడమే అవుతుంది. ఆ తరువాత మాడేది తీగ, దాని వెంట మొత్తం కట్ట. బండి తగలబడడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. కాళ్ల ఫ్యూజులలో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీ వంటి ఇంకా పాత బండ్లలో గాజు, పింగాణీ ఫ్యూజులు ఉంటాయి. వాటి చివరలు, వాటిని పట్టే ఇత్తడి పలకలు చిలుము పట్టి వేడెక్కుతుంటాయి కనుక ఏడాదికి ఒకసారి రుద్దాలి.

షార్టును వెతకడానికి ఫ్యూజుల పెట్టె ఖాళీ చేయవలసిన పని లేదు. పోయిన ఫ్యూజు తీసి, దాని రెండు కాళ్ల చోట 21 వాట్ల టెస్ట్ బల్బును తగిలించండి. ఆ ఫ్యూజు మీద నడిచే లైట్లు, హారన్ వంటివన్నీ ఆర్పి, వీలైతే వాటి కప్లర్లు విప్పి ఉంచండి. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కానీ 2 ఆంపియర్లు కూడా పోవు కాబట్టి తీగ మాడదు, మీకు కావలసినంత సమయం దొరుకుతుంది. ఇప్పుడు బల్బు మీద ఒక కన్ను ఉంచి తీగల కట్టను జానెడు జానెడుగా కదుపుతూ పోవాలి. బల్బు ఆరిన చోట, లేదా మినుకుమన్న చోట ఆగి టేపు విప్పాలి. ముందుగా వెతకవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. తలుపు కీలు దగ్గర వంగే తీగలు, డిక్కీ మూత కింద మడతపడే తీగలు, ఇంజన్ నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు వాషర్ ఊడిపోయిన చోటు, సైలెన్సర్ దగ్గరి తీగలు, తరువాత వేయించిన స్టీరియో, అలారం తీగలు. నా అనుభవంలో కంపెనీ వేసిన తీగల కన్నా, తరువాత వేసిన వాటి దగ్గరే ఎక్కువ లోపాలు దొరికాయి.

ఎలుకల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొట్టాల పక్కన, ధాన్యం నిల్వ చేసే ఇళ్లలో, అపార్టుమెంటు సెల్లార్లలో నిలిపే బండ్లకు ఇది పెద్ద బెడద. బోనెట్ కింద లద్దెలు, గడ్డి, చిరిగిన గోనె పోగులు కనిపిస్తే తీగలను ఆ చోటే కాకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి చూడాలి. ఎలుక కొరికిన తీగ తెగకపోవచ్చు, తొడుగు ఒక వైపు మాత్రమే పోవచ్చు. అటువంటిది ఎండాకాలమంతా బాగానే ఉండి తొలకరి తడికి షార్టు అవుతుంది.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవడం

డిక్కీలోనో, గ్లవ్ బాక్సులోనో ఆరకుండా ఉండిపోయిన ఒక్క 5 వాట్ల బల్బు చాలు. అది 0.4 ఆంపియరు లాగితే, 35 ఆంపియర్ అవర్ల మారుతీ బ్యాటరీ మూడున్నర రోజులలో పూర్తిగా ఖాళీ అవుతుంది, సెల్ఫ్ కొట్టలేని స్థితికి అంతకన్నా చాలా ముందే వస్తుంది. కనిపెట్టడానికి బండి ఆపి, తలుపులు మూసి, తాళంచెవి బయటికి తీసి, బ్యాటరీ నెగెటివ్ క్లాంపు విప్పాలి. మీటరును 10 ఆంపియర్ల అమరికలో పెట్టి, ఒక ముల్లు స్తంభానికీ, మరొకటి క్లాంపుకీ తగిలించాలి. మీటరు ఇలా ఉండగా సెల్ఫ్ కొట్టినా, హెడ్‌లైట్లు వేసినా మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. 0.05 ఆంపియరు లోపు ఉంటే ఆందోళన అక్కరలేదు, గడియారం, స్టీరియో జ్ఞాపకశక్తి అంతమాత్రం లాగుతాయి. అంతకు మించితే ఒక్కో ఫ్యూజు పీకుతూ, మళ్లీ పెడుతూ పోవాలి. ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో లోపం ఆ దారిలో ఉంది. ఏ ఫ్యూజు పీకినా అంకె కదలకపోతే ఆల్టర్నేటర్ లావు తీగను విప్పి చూడండి. లోపలి డయోడ్ చెడితే బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ దాని గుండానే కారిపోతుంది. విప్పిన ఆ తీగ కొన బ్యాటరీకి నేరుగా కలిసి ఉంటుంది కనుక, ముందు నెగెటివ్ పూర్తిగా తీసి, ఆ కొనకు టేపు చుట్టిన తరువాతే మీటరు మళ్లీ కలపాలి.

ఇంజన్ తిరుగుతుంది, అంటుకోదు

పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కాయిల్ కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే పలకలు) ఉన్న బండికి మాత్రమే ఈ మాట. కాయిల్ నెగెటివ్‌కూ బాడీకీ మధ్య టెస్ట్ లైటు పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే, పాయింట్లు తెరుచుకుని మూసుకునే కొద్దీ అది మినుకుమినుకుమనాలి. మినుకుమంటున్నా స్పార్కు రాకపోతే కాయిల్, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్ చూడాలి. వెలిగినది ఆరకుండా అలాగే ఉంటే పాయింట్లు కాలి కలవడం లేదు. అసలే వెలగకపోతే కాయిల్ పాజిటివ్‌కు కరెంటు వస్తున్నదో లేదో చూడాలి. పాయింట్ల మధ్య సందు సాధారణంగా 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు. కొత్త పాయింట్లు వారం రోజులకే కాలిపోతుంటే కండెన్సర్ మార్చండి. ఎంపీఎఫ్ఐ బండిలో కంప్యూటర్‌కు పోయే తీగల మీద బల్బు టెస్ట్ లైటు ఎన్నడూ పెట్టకూడదు, అక్కడ మీటరు మాత్రమే వాడాలి. ఎయిర్ బ్యాగులున్న బండిలో పసుపు రంగు కప్లర్ల జోలికి అసలు పోవద్దు.

తీగను అతికే తీరు

లోపం దొరికాక చేసే మరమ్మతు మళ్లీ చెడకుండా ఉండాలి. రెండు కొనలు మెలిపెట్టి టేపు చుట్టడం మన ఎండలకు నిలవదు. రోహిణి కార్తెలో బోనెట్ కింద టేపు జిగురు కరిగి జారిపోతుంది, ఆ బంక మీద దుమ్ము చేరుతుంది. తీగను రాగి మెరుస్తూ కనిపించేదాకా వెనక్కి కోయాలి. చిలుము తొడుగు లోపల పైకి పాకి ఉంటుంది కనుక అంగుళం కోసినా నల్లటి పోగులే కనిపించవచ్చు, అప్పుడు ఇంకా కోసి, అదే లావు, వీలైతే అదే రంగు తీగ ముక్కను మధ్యలో కలపాలి. స్లీవ్‌ను ముందే తీగకు ఎక్కించుకోవాలి. లగ్‌లోకి పోగులన్నీ పోయేలా దూర్చి, ప్లయర్‌తో నొక్కి, చేత్తో గట్టిగా లాగి చూడాలి. ఊడితే ఇప్పుడే ఊడడం మంచిది. తరువాత స్లీవ్‌ను అతుకు మీదికి జరిపి వేడి చేయాలి. సీసం వేసి అతికితే, ఆ అతుకు పక్కన తీగ బిరుసెక్కి, అదురుకు అక్కడే విరుగుతుంది కాబట్టి ఆ చోటును కదలకుండా కట్టాలి. ఎర్త్ లగ్ బిగించే చోట రంగు గీకి, బిగించాక పైన గ్రీజు పూయాలి. లేకపోతే గీకిన చోటే ముందుగా తుప్పు పడుతుంది.

మరమ్మతు అయ్యాక, లోపాన్ని పట్టించిన అదే కొలతను, అదే చోట, అదే బరువు మీద మళ్లీ తీసుకోవాలి. మా బండిలో గేర్‌బాక్సు తీగ మార్చిన రోజు 2.3 ఉన్న అంకె 0.1కి వచ్చింది. దానిని తేదీతో సహా బండి కాగితాల సంచిలోని చిన్న నోటుపుస్తకంలో రాశాను. అప్పటి నుంచి ప్రతి సంవత్సరం మృగశిర కార్తెకు ముందు అదే కొలత తీసి దాని కింద రాస్తున్నాను. పోయిన ఏడు 0.2 చూపితే, సెల్ఫ్ ఇంకా చక్కగానే కొడుతుండగానే లగ్ విప్పి రుద్ది బిగించాను.